హోటళ్లలో వైర్‌లెస్ ఆర్డర్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

సర్వరు చేతిలోని ఫోను నుంచి వంటగదికి ఆర్డరు చేరవేసే ఏర్పాట్ల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో యజమానులతో పాటు హోటళ్లలో పనిచేసేవారు, భోజనానికి వెళ్లేవారు కూడా ఉన్నారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, పేర్లు లేకుండా ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: నెల్లూరు ట్రంకు రోడ్డులో మాది రెండంతస్తుల హోటలు. టేబులు దగ్గర సర్వరు ఫోనులో ఆర్డరు నొక్కితే కింద వంటగదిలో స్లిప్పు వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాము. ఉదయం టిఫిన్ల వేళ అంతా సవ్యంగా నడుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే పైఅంతస్తు ఆర్డర్లు కొన్ని వంటగదికి చేరడం లేదు. బొమ్మిడాయిల పులుసు చెప్పి అరగంటైందని వచ్చినవారు కోప్పడుతున్నారు, మాస్టరేమో తనకు స్లిప్పే రాలేదంటున్నాడు. నెట్ ప్యాకు పెద్దది వేయించినా మార్పు లేదు. ఏం చేయాలి? (ఒక యజమాని, నెల్లూరు)

జవాబు: పెద్ద ప్యాకు ఈ జబ్బుకు మందు కాదు. సర్వరు ఫోను నుంచి బయలుదేరే ఆర్డరు కొద్ది కిలోబైట్లకు మించదు. వాట్సాప్‌లో పంపే ఫొటో దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. బయటి నుంచి మీ హోటలుకు వచ్చే ఇంటర్నెట్ ఒకటి, హోటలు లోపల ఫోను నుంచి రూటరుకు, అక్కడి నుంచి ప్రింటరుకు సాగే వైఫై మరొకటి. రెండోది తెగుతుంటే మొదటిదాన్ని ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు. ఉదయం బాగుండి మధ్యాహ్నం మాత్రమే, అదీ పైఅంతస్తులోనే ఆర్డర్లు తప్పుతున్నాయంటే లోపం లోపలి దారిలోనే ఉందనుకోవాలి.

సాధారణంగా నెట్ కనెక్షను ఇచ్చేవారు రూటరును గల్లా పక్కన గోడకు బిగించి వెళ్లిపోతారు. వారి పని అంతవరకే. అక్కడి నుంచి పైఅంతస్తుకు సిగ్నలు శ్లాబులోని ఇనుప ఊచలను దాటి వెళ్లాలి, వంటగదికి స్టీలు బల్లలను, ఫ్రిజ్‌లను, గిన్నెల వరుసలను దాటి వెళ్లాలి. దీనికి తోడు పాత రూటర్లు, చవక ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోనే (బ్యాండు అంటే వైఫై వాడుకునే తరంగాల పట్టీ) పనిచేస్తాయి. మన దేశంలో 2005 నుంచి ఈ బ్యాండుకు లైసెన్సు అక్కరలేదు, అందుచేత బట్టల కొట్టు, మందుల షాపు, లాడ్జి, అందరి రూటర్లూ అందులోనే మాట్లాడుతుంటాయి. ఆ బ్యాండులో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగల చానళ్లు 1, 6, 11 అనే మూడే. ట్రంకు రోడ్డు వంటి చోట అవి ఏ వేళ ఎంత ఖాళీగా ఉంటాయో ఊహించుకోవచ్చు. మైక్రోవేవ్ ఓవెను కూడా దాదాపు అదే చోట, 2.45 గిగాహెర్ట్జ్ వద్ద నడుస్తుంది గనుక దాని పక్కనే ప్రింటరు పెడితే ఓవెను తిరుగుతున్నంతసేపూ స్లిప్పులు ఆలస్యమయ్యే అవకాశం ఉంది. ఇక మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ఖాళీ హాలులో చక్కగా అందిన సిగ్నలు కుర్చీలన్నీ నిండాక బలహీనపడటానికి అదొక కారణమైతే, వచ్చినవారికి కూడా అదే పాస్‌వర్డు చెప్పి వారి ఫోన్లలోని వీడియోలను మీ ఆర్డర్లతో ఒకే దారిలో నడిపించడం మరొక కారణం.

నేను పాటించమనే పద్ధతి ఒకటే: కదలని వస్తువుకు కేబులు, కదిలే మనిషికి మాత్రమే వైఫై. వంటగది ప్రింటరు కదలదు, గల్లా కంప్యూటరు కదలదు, కాబట్టి ఆ రెండింటినీ ల్యాన్ కేబులుతో రూటరుకు కలపండి. ఈ కేబులు వంద మీటర్ల వరకు పనిచేస్తుంది, ఏ హోటలుకైనా అది చాలు. కరెంటు తీగలు వెళ్లే పైపులోనే దీన్ని కూడా తోయకుండా వేరే పైపు వేయించండి. రెండు అంతస్తుల్లోనూ హాలు మధ్య కప్పుకు ఒక్కొక్క యాక్సెస్ పాయింటు (వైఫై సిగ్నలు ఇచ్చే పెట్టె) బిగించి, వాటిని కూడా కేబులుతోనే కింది రూటరుకు కలపాలి. కేబులు లేకుండా సిగ్నలును అందుకుని మళ్లీ పంపే చిన్న పెట్టెలు అమ్ముతున్నారు, ఇంటికి అవి సరిపోవచ్చు గానీ మధ్యాహ్నం రద్దీకి వాటిని నమ్మను. సర్వర్ల ఫోన్లను వైఫైకి ఉన్న మరో బ్యాండు, 5 గిగాహెర్ట్జ్‌లో ఉంచండి. అది గోడలను దాటడంలో బలహీనమైనదే, కానీ ప్రతి హాలులోనూ సొంత యాక్సెస్ పాయింటు ఉన్నప్పుడు ఆ బలహీనతే మేలు చేస్తుంది, పక్క షాపుల రొద కూడా లోపలికి అంతగా రాదు.

మరొక సంగతి. మెట్లెక్కి పైకి వెళ్లిన సర్వరు ఫోను కింది రూటరును వెంటనే వదలదు. సన్నటి సిగ్నలును పట్టుకునే వేలాడుతుంది, ఆ సమయంలో నొక్కిన ఆర్డరే గాలిలో కలిసిపోతుంది. రెండు యాక్సెస్ పాయింట్లకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టి, రెండింటినీ కలిపి నడిపించే సదుపాయం ఉన్న రకాన్నే తీసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఇవన్నీ చేశాక కూడా సాఫ్ట్‌వేరు అమ్మినవారిని ఒక మాట అడగండి. స్లిప్పు నిజంగా ముద్రణ అయిందన్న సంగతి సర్వరు ఫోనులో కనిపిస్తుందా? చాలా యాప్‌లలో ఆర్డరు నొక్కగానే పచ్చగుర్తు వస్తుంది, కానీ దాని అర్థం ఆర్డరు ఫోను దాటి వెళ్లిందని మాత్రమే. ప్రింటరులో కాగితం అయిపోయినా, మూత సరిగా పడకపోయినా ఆ పచ్చగుర్తు అలాగే వస్తుంటే మీ సర్వరును తప్పుపట్టడం న్యాయం కాదు.

ప్రశ్న: కావలి దగ్గర జాతీయ రహదారి పక్కన మాది ఫ్యామిలీ రెస్టారెంటు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వంటగది ప్రింటరు మొరాయిస్తుంది, నెట్ పోతే బిల్లులే ఆగిపోతాయి. బస్సు ఆగి నలభై మంది ఒక్కసారి దిగినప్పుడు ఇలా జరిగితే మా పరిస్థితి చెప్పనలవి కాదు. (ఒక యజమాని, కావలి)

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు, వాటి విరుగుడులూ వేరు.

ముందు ప్రింటరు సంగతి. మీ రూటరు తనకు తగిలించిన ప్రతి పరికరానికీ అంకెల వరుసగా ఉండే ఒక చిరునామా ఇస్తుంది. అది శాశ్వతం కాదు. కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు, ఫోన్లు, ప్రింటరు ఏది ముందు లేస్తే అది ముందున్న చిరునామాను తీసుకోవచ్చు. నిన్నటిదాకా చివర 105 ఉన్న ప్రింటరు ఇప్పుడు 112 అయి కూర్చుంటుంది, గల్లా కంప్యూటరు మాత్రం 105కే స్లిప్పులు పంపుతూ ఉంటుంది. ప్రింటరులో లైటు వెలుగుతుంది, కాగితం ఉంటుంది, అయినా స్లిప్పు రాదు. అందరూ ప్రింటరు చెడిందనుకుంటారు. దీన్ని తేల్చుకోవడానికి మెకానిక్కు అవసరం లేదు. ప్రింటరు ఆపివేసి, కాగితం జరిపే బటను నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేస్తే చాలా రకాలలో ఒక పరీక్ష స్లిప్పు వస్తుంది. ల్యాన్ ప్రింటరైతే దాని చిరునామా సాధారణంగా ఆ స్లిప్పు మీదే ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేరులో ఉన్న చిరునామాతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే, రూటరు సెట్టింగులలో ఆ ప్రింటరుకు ఎప్పటికీ ఒకే చిరునామా దక్కేలా కేటాయించమని మీ నెట్ మనిషికి చెప్పండి. అది కొద్ది నిమిషాల పని.

ఇన్వర్టరు ఉన్నా కరెంటు పోయిన క్షణంలో అది అందుకునే లోపు రూటరు ఆగి మళ్లీ మొదలవుతుంది, అది పూర్తిగా లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. రూటరుకు మాత్రమే సరిపడే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు బజారులో దొరుకుతున్నాయి. నెట్ పెట్టె, రూటరు విడివిడిగా ఉంటే రెండింటికీ పెట్టాలి. గల్లా కంప్యూటరుకు మామూలు యూపీఎస్ ఉండాలి.

ఇక నెట్ పోతే బిల్లు ఆగడం గురించి. మీ సాఫ్ట్‌వేరు ఆర్డరును ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటరుకు పంపి, అక్కడి నుంచి పది అడుగుల దూరంలోని మీ వంటగదికి తెప్పిస్తోందన్నమాట. రహదారి పనుల్లో ఎక్కడ ఫైబరు తెగినా మీ పొయ్యి దగ్గర పని నిలిచిపోతుంది. రోజువారీ ఆర్డర్లు, బిల్లులు లోపలి నెట్‌వర్కులోనే నడిచి, లెక్కలు మాత్రం నెట్ వచ్చాక పైకి వెళ్లే రకాన్ని ఎంచుకోవాలి. అమ్మేవారందరూ తమది అలాంటిదేనంటారు, అందుకే మాట వినకుండా పరీక్ష పెట్టండి. వారి ఎదుటే రూటరు నుంచి ఇంటర్నెట్ తీగ ఊడదీసి, రెండు ఫోన్ల నుంచి రెండు టేబుళ్ల ఆర్డర్లు ఇప్పించి, వంటగదిలో స్లిప్పులు వచ్చాయా, రెండో ఫోనులో మొదటి టేబులు నిండినట్టు కనిపించిందా, బిల్లు వచ్చిందా అని చూడండి. కొన్ని యాప్‌లు నెట్ లేనప్పుడు ఒక్క గల్లా కంప్యూటరు వరకే పనిచేస్తాయి, సర్వర్ల ఫోన్లు అప్పుడు ఉత్త బొమ్మలే. ఈ తేడా పరీక్షిస్తే తప్ప బయటపడదు.

అన్నీ ఉన్నా, కార్బన్ కాగితం వేసిన కేఓటీ (వంటగదికి పంపే ఆర్డరు చీటీ) పుస్తకాలు కొన్ని గల్లా అరలో ఉంచుకోండి.

ప్రశ్న: ఒంగోలులో మా నాన్వెజ్ రెస్టారెంటు వంటగదిలో థర్మల్ ప్రింటరు పెట్టాము. స్లిప్పులు పొయ్యి దగ్గర నల్లబడిపోతున్నాయి, నూనె తగిలితే అక్షరాలు మాయమవుతున్నాయి. పైగా ఐటముల పేర్లు తెలుగులో పెడితే ప్రశ్నార్థకాలు, గళ్లు వస్తున్నాయి. మాస్టరుకు ఇంగ్లీషు రాదు.

జవాబు: థర్మల్ కాగితం మీద సిరా ఉండదు, కాగితానికి పూసిన రసాయనమే వేడికి నల్లబడి అక్షరమవుతుంది. ప్రింటరు వేడికి నల్లబడే కాగితం పొయ్యి వేడికి నల్లబడదా? సుమారు 60, 70 డిగ్రీల వద్దే ఆ మార్పు మొదలవుతుంది. బిల్లు ఇవ్వడానికి గల్లా దగ్గర అది ఎంత సౌకర్యమో పెనం పక్కన అంత అనర్హం. వంటగదికి రిబ్బనుతో కొట్టే పాత తరహా డాట్ మ్యాట్రిక్స్ రసీదు ప్రింటరే మేలు. మామూలు కాగితం చాలు, వేడికి చెక్కుచెదరదు, పైగా కొట్టేటప్పుడు వచ్చే కరకర చప్పుడు వెంటిలేటరు ఫ్యాను హోరులో కూడా మాస్టరు చెవిని పడుతుంది. నెమ్మదిగా కొడుతుందన్న ఒక్క లోపాన్ని భరించవచ్చు. థర్మల్‌నే ఉంచదలిస్తే ప్రింటరును పొయ్యి వరుసకు దూరంగా, వడ్డించి అందించే బల్ల వైపు పెట్టండి.

తెలుగు విషయానికి వస్తే, ఈ ప్రింటర్లలో చాలావాటికి లోపల తెలుగు అక్షరాలు ఉండవు. ఒత్తులు, గుణింతాలు కూర్చడం వాటికి చేతకాదు. సాఫ్ట్‌వేరే తెలుగు వరుసను బొమ్మగా మార్చి పంపితేనే సరిగా వస్తుంది. ఆ సదుపాయం మీ సాఫ్ట్‌వేరులో ఉందా లేదా అన్నది అమ్మినవారిని రాతపూర్వకంగా అడగండి. డాట్ మ్యాట్రిక్స్‌లో ఈ బొమ్మ ముద్రణ మరీ నెమ్మది, కాబట్టి ముందు ఒక పెద్ద ఆర్డరు కొట్టించి సమయం చూసుకోండి. బొమ్మ పంపే వీలు లేకపోతే అంకెలు వాడుకోండి: నాటుకోడి పులుసు 21, రాగి సంకటి 22, రొయ్యల వేపుడు 34 అన్నట్టు. ఒడిశా, బెంగాలు నుంచి వచ్చి మన వంటగదుల్లో పనిచేసేవారికి కూడా అంకెలే సులువు. అయితే "కారం తక్కువ", "ఉల్లి లేకుండా" వంటి మాటలకు కూడా అంకెలు పెట్టడం మరచిపోకండి, గొడవలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

ప్రశ్న: కందుకూరులో నేను, మా ఆయన కలిసి భోజనాల మెస్ నడుపుతున్నాము. ఆరు టేబుళ్లు. సర్వరుకు ట్యాబు, వంటింట్లో తెర పెట్టుకోమని ఒకాయన వారంగా వెంటపడుతున్నాడు. తీసుకోమంటారా అండీ?

జవాబు: వద్దమ్మా. వచ్చినవారందరికీ అదే భోజనం పెట్టేచోట ఆర్డరు అనేదే లేదు, గల్లా దగ్గర టోకెను ఇస్తే సరిపోతుంది. ఆరు టేబుళ్లూ వంటింటి గుమ్మంలో నిలబడితే కనిపిస్తాయి. పార్సిళ్లు పెరిగి, లెక్క తప్పుతోందనిపిస్తే గల్లా దగ్గర ఒక్క బిల్లింగ్ మిషను తీసుకోండి, అది చాలు.

ప్రశ్న: మైపాడు బీచ్ వైపు మాకు చెట్ల కింద బల్లలు వేసిన ఆరుబయటి రెస్టారెంటు ఉంది. చివరి బల్లలకు వైఫై అందడం లేదు. టేబులు మీద బటను నొక్కితే సర్వరు చేతి గడియారంలో నంబరు కనిపించే పరికరాలు చూశాము. అవి మంచివేనా?

జవాబు: మీ స్థలానికి అవి తగినవే, అయితే వాటి పని ఎంతవరకో తెలుసుకుని కొనండి. ఆ బటన్లలో ఎక్కువ రకాలు 433 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తాయి. తరంగం తక్కువ పౌనఃపున్యంలో ఉండటం వల్లా, పంపే సమాచారం "ఏడో బల్ల పిలుస్తోంది" అన్నంత చిన్నది కావడం వల్లా, చిన్న బ్యాటరీతోనే ఆరుబయట చాలా దూరం వెళుతుంది. వైఫై, ఇంటర్నెట్ ఏవీ అక్కరలేదు. కానీ అది పిలుపు మాత్రమే, ఆర్డరు కాదు. సర్వరు బల్ల దగ్గరకు నడిచి వెళ్లి రాసుకోవలసిందే.

ఆర్డరు కూడా ఫోనులోనే తీసుకోవాలంటే ఆరుబయట వాడటానికి తయారుచేసిన యాక్సెస్ పాయింటును తోటకు ఎదురుగా ఎత్తున బిగించాలి. హాలులో వాడేదాన్ని ప్లాస్టిక్ కవరు కప్పి బయట వేలాడదీస్తే ఎండకు కాగి ఆగిపోతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు కేబులు చివర ఉండే రాగి పిన్నులను తినేస్తుంది. బయట ఉండే అతుకులన్నీ నీరు చొరబడని పెట్టెలలో ఉండాలి, ఏడాదికొకసారి చివరలు కోసి కొత్తవి వేయించాలి. చేపలు తిని తడిచేత్తో తెర నొక్కితే ఫోను సరిగా పలకదు కాబట్టి, అతిథుల చేత నొక్కించే పద్ధతి మీ దగ్గర అంతగా సాగదు. సర్వరు నడుముకు ఒక పొడిగుడ్డ ఉండటం అవసరం.

ప్రశ్న: నేను ఒంగోలులో ఒక హోటలులో సర్వరుగా చేస్తున్నాను. ఫోనులో ఆర్డర్లు వచ్చాక, రద్దయిన ఐటముల డబ్బు నా జీతంలో కోస్తున్నారు. నేను రద్దు చేయనివి కూడా నా పేరు మీదే ఉన్నాయి. అందరం ఒకే పిన్ వాడతాము. ఇది న్యాయమేనా సార్?

జవాబు: న్యాయం కాదు. మీరు చెప్పినట్టు అందరిదీ ఒకే పిన్ అయితే ఆ లెక్క ఎవరి మీదా సాక్ష్యం కాదు. ఫోను ఎవరి చేతిలో ఉందో యంత్రానికి తెలియదు, కొట్టిన పిన్ ఎవరి పేరు మీద ఉంటే ఆ పేరే రాసుకుంటుంది. ఈ సాఫ్ట్‌వేర్లలో దాదాపు అన్నింటిలోనూ మనిషికొక పిన్ ఇవ్వవచ్చు, స్లిప్పు వెళ్లాక రద్దు చేసే అధికారం మేనేజరుకు మాత్రమే ఉంచవచ్చు, రద్దుకు కారణం రాయించవచ్చు. ఇవి అమర్చమని మేనేజరును మర్యాదగానే అడగండి, దానికి హోటలుకు పైసా ఖర్చు లేదు. అప్పటివరకు ఏ రద్దు జరిగినా ఆ స్లిప్పు మీద మేనేజరు సంతకం తీసుకుని దాచుకోండి.

ఇది చదివే యజమానులకు కూడా ఒక మాట. స్లిప్పు చేరకపోవడం వల్ల రెండుసార్లు నొక్కిన ఆర్డరు, ఆ తర్వాత తీసివేసినప్పుడు రద్దుగానే నమోదవుతుంది. వైఫై తప్పుకు సర్వరు జీతం కోయడానికి ముందు రద్దులు ఏ వేళ, ఏ టేబుళ్ల దగ్గర ఎక్కువగా ఉన్నాయో చూడండి. అన్నీ ఒకే మూలలో ఉంటే కోయవలసింది జీతం కాదు, వేయవలసింది కేబులు.

ప్రశ్న: నెల్లూరులో ఒక రెస్టారెంటుకు మా అమ్మగారితో వెళ్లాము. టేబులు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, ఫోను నంబరు ఇస్తేనే ఆర్డరు తీసుకుంటామన్నారు. ఇవ్వకపోతే భోజనం పెట్టరా?

జవాబు: బిల్లు ఇవ్వడానికి ఫోను నంబరు తప్పనిసరి అని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో చిల్లర వ్యాపారులకు సూచించింది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, ఏ పనికోసం సమాచారం అడుగుతున్నారో చెప్పి, ఆ పనికి అవసరమైనంత మేరకే సమ్మతితో తీసుకోవాలంటుంది. పులుసు తెచ్చి పెట్టడానికి ఫోను నంబరుతో పని లేదు. మర్యాదగా కాగితపు మెనూ అడిగి, సర్వరుకే ఆర్డరు చెప్పండి.

క్యూఆర్ పద్ధతి అసలే పనికిరాదని నేననను, కాఫీ షాపుల్లో అది హాయిగా నడుస్తోంది. కానీ అది ఎంత ఉన్నా ఒక కాగితపు మెనూ, వచ్చి అడిగే మనిషి ఉండి తీరాలి. యజమానులు రోజూ హోటలు తెరిచేటప్పుడు టేబుళ్ల మీది కోడ్‌లపై ఎవరైనా వేరే స్టిక్కరు అతికించారేమో చూసుకోవాలి, డబ్బు కట్టే కోడ్ అయితే మరీను.

ప్రశ్న: మా దగ్గర మానేసి వెళ్లిన కుర్రాడికి వైఫై పాస్‌వర్డు తెలుసు. దానివల్ల ప్రమాదం ఏమైనా ఉందా? (ఒక మేనేజరు, సింగరాయకొండ)

జవాబు: ఉంది. రోడ్డు మీద నిలబడి మీ నెట్‌వర్కులోకి వచ్చినవాడు ప్రింటరుకు ఉత్త స్లిప్పులు పంపగలడు, సాఫ్ట్‌వేరు పిన్ కూడా తెలిస్తే బిల్లులూ చూడగలడు. రూటరులో రెండు నెట్‌వర్కులు పెట్టించండి, ఒకటి అతిథులకు, రెండోది ఆర్డర్లకు మాత్రమే. రెండోదాని పేరు బయటకు కనిపించకుండా దాచడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు, పాస్‌వర్డు పొడవుగా ఉండాలి, రూటరు సెట్టింగులలో వైఫై భద్రత రకం డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ అయి ఉండాలి. దాన్ని సర్వర్లకు చెప్పకుండా మీరే ఫోన్లలో ఎక్కించి, ఎవరు మానేసినా ఆ రోజే మార్చండి, అతని పిన్‌ను కూడా తీసివేయండి. రూటరుతో పాటు వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డును (రూటరు సెట్టింగులు తెరిచేదాన్ని) మార్చని హోటళ్లు చాలా ఉన్నాయి. ముందు మీది మార్చి ఉందో లేదో చూసుకోండి.